పెరట్లో కోయి చేపల కొలను: చలికాలం ముందు ఏమేం చేయాలి? (మిషిగన్)

నోవై_పెరడు | సెప్టెంబర్ 20

అందరికీ నమస్కారం. ఈ వేసవిలో నోవైలో ఇల్లు కొన్నాం, వెనకాల పాత ఓనర్లు కట్టుకున్న పాండ్ ఉంది. పొడవు 10 అడుగులు, వెడల్పు 8, బాగా లోతైన చోట మూడున్నర అడుగులు. లోపల నీళ్ళు ఇంకకుండా పరిచిన నల్ల రబ్బర్ షీట్ (లైనర్), ఒక పక్క రాళ్ళ మీంచి పడే చిన్న వాటర్‌ఫాల్, ఫిల్టర్, నీళ్ళు పచ్చబడకుండా చూసే యూవీ లైట్ అన్నీ ఉన్నాయి. ఏడు కోయి చేపలు, కొన్ని గోల్డ్ ఫిష్. ఒక టబ్బులో తామర, రెండు కుండల్లో కలువలు. వీటికి తోడు మా ఆవిడ గుర్రపుడెక్క తెచ్చి వేసింది, అది రెండు నెలల్లో సగం పాండ్ కప్పేసింది.

ఇక్కడ చలి సంగతి మీకు తెలిసిందే, జనవరిలో మైనస్ 15, మైనస్ 20 సెల్సియస్ కూడా చూస్తాం. చేపల షాపులో అడిగితే నీళ్ళన్నీ తోడేసి చేపల్ని బేస్‌మెంట్‌లో పెట్టుకోమన్నారు. పక్కింటాయన ఏమీ చేయక్కర్లేదు, వాటి మానాన వదిలెయ్ అంటున్నాడు. రెండూ నమ్మబుద్ధి కావట్లేదు. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, అమ్మ రోజూ పొద్దున్నే ఆ చేపల దగ్గరే కూర్చుంటుంది, వాటికేమైనా అయితే చాలా బాధపడుతుంది. దయచేసి అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మిన్నియాపోలిస్_మంచు | సెప్టెంబర్ 20

చేపల్ని బయటికి తీయకండి. మూడున్నర అడుగుల లోతు మిషిగన్‌కి సరిపోతుంది. మాది ఇంకా చలి ఊరు, నాలుగడుగుల పాండ్‌లో కోయిలు ఏళ్ళుగా బాగానే ఉన్నాయి.

ముందు ఒక్క విషయం అర్థం చేసుకుంటే మిగతా పనులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. అంతకన్నా చల్లబడిన నీరు తేలికై పైకి వస్తుంది, పైన గడ్డ కడుతుంది. అడుగున ఆ 4 డిగ్రీల పొర అలాగే నిలిచి ఉంటుంది, చేపలు దాంట్లోనే కదలకుండా చలికాలమంతా గడిపేస్తాయి. కోయి చలినెత్తురు జీవి, దాని ఒంటి వేడి నీళ్ళతో పాటే తగ్గిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది, ఆక్సిజన్ కూడా చాలా కొద్దిగానే వాడుకుంటుంది. కాబట్టి చలి వల్ల చావు రాదు. ఎప్పుడు చస్తాయంటే, అడుగున ఆకులు, బురద కుళ్ళి గ్యాస్ పుడుతుంటే పైన మంచు గడ్డ మూతలా బిగుసుకుని ఆ గ్యాస్ బయటికి పోకుండా, గాలి లోపలికి రాకుండా చేసినప్పుడు. నేను చూసిన చలికాలపు చావులన్నీ దాదాపు ఇలాంటివే.

అంటే మీ పని మూడు ముక్కల్లో ఉంది: కుళ్ళేదాన్ని ఇప్పుడే బయట పడేయాలి, గడ్డలో ఒక కన్నం ఎప్పుడూ తెరిచి ఉండేలా చూడాలి, అడుగు నీటిని కెలక్కూడదు. పాండ్ చుట్టూ చెట్లేమున్నాయి?

ఎడిసన్_కలువ | సెప్టెంబర్ 21

నేను మొక్కల వరకు చెప్తాను, చేపలు మావారి డిపార్ట్‌మెంట్.

గుర్రపుడెక్క మొదటి గట్టి ఫ్రాస్ట్‌కే చచ్చిపోతుంది, ఒక్క రాత్రిలో నల్లబడి ముద్దైపోతుంది. అలా అయ్యాక తీయడం నరకం, వేళ్ళన్నీ ఊడి అడుక్కి పోతాయి. అందుకని అక్టోబర్ మొదట్లో పచ్చగా ఉండగానే మొత్తం ఎత్తి కంపోస్ట్‌లో వేసేయండి. మీ ఆవిడకి ప్రాణం ఒప్పకపోయినా సరే. దయచేసి తీసుకెళ్ళి ఏ చెరువులోనో కాలవలోనో మాత్రం పడేయకండి. హైదరాబాద్ చెరువుల మీద ఇదే గుర్రపుడెక్క ఎలా పరుచుకుందో మనందరం చూశాం, మిషన్లు పెట్టి తీసినా మళ్ళీ వస్తుంది.

తామర గురించి భయం వద్దు. ఆకులు పసుపు, తర్వాత గోధుమ రంగుకి వచ్చి ఎండిపోతాయి, అంతవరకు కోయకండి, ఆ ఆకుల్లోని సత్తువ దుంపకి దిగాలి. ఎండాక కాడల్ని నీటి మట్టానికి పైనే కత్తిరించండి. తామర కాడ లోపల గొట్టంలా బోలుగా ఉంటుంది, నీటి కింద కోస్తే ఆ గొట్టాల్లోంచి నీళ్ళు దిగి దుంప కుళ్ళే ప్రమాదం ఉంది. తర్వాత టబ్బుని ఉన్నంతలో లోతైన చోటికి దింపండి. దుంప గడ్డకట్టకుండా ఉంటే చాలు, తామర ఎంత చలినైనా తట్టుకుంటుంది. మీ మిషిగన్‌లోనే పసుపుపచ్చ అమెరికా తామర లేక్ ఈరీ తీరంలో, మన్రో దగ్గర తనంతట తాను పెరుగుతుంది.

కలువలు ఏ రంగు? తెలుపు, గులాబీ, పసుపు అయి నీళ్ళ మీద ఆనుకుని పూస్తుంటే చలి తట్టుకునే రకం అయ్యుంటాయి, ఆకులు కోసి కుండని అడుక్కి దింపేయండి. నీలం రంగై కాడ మీద నీటికి బాగా పైన నిలబడి పూస్తుంటే మాత్రం అది ఉష్ణమండలపు రకం, బయట బతకదు. దుంప తీసి కడిగి తడి ఇసుకలో పెట్టి, ఇంట్లో 55 ఫారెన్‌హీట్ అటూ ఇటూ ఉండే మూల ఉంచాలి.

కైకలూరు_చేపలు | సెప్టెంబర్ 21

అన్నా, కోయి అంటే ఇంకేదో విదేశీ చేప అనుకోకండి, మన బంగారుతీగే. రంగుల కోసం జపాన్ వాళ్ళు తరాల తరబడి ఏరి పెంచిన రకం, అంతే. మాది కైకలూరు, కొల్లేరు పక్కన. ఇంట్లో శీలావతి, బొచ్చె చెరువులు చేస్తాం. నేనిప్పుడు ఒహాయోలో ఉంటున్నాను, ఇక్కడ అద్దె ఇల్లు కాబట్టి పాండ్ లేదు గానీ చేప సంగతి ఎక్కడైనా ఒకటే.

మా దగ్గర చలికాలం అంటే నీళ్ళు ఇరవై డిగ్రీల దరిదాపుకి వస్తాయేమో, దానికే చేప మేత తగ్గించేస్తుంది. కన్నాల సంచుల్లో తవుడు, చెక్క కట్టి వేలాడదీస్తాం కదా, సాయంత్రానికి సంచిలో మేత మిగిలితే మర్నాడు నాన్న తగ్గించి కడతారు. మిగిలిన మేత అడుక్కి పోతే నీరు పాడవుతుంది. మరి మీ దగ్గర 4 డిగ్రీల దాకా పోతుంది అంటున్నారు, అంత చలిలో చేపకి అరుగుదల దాదాపు ఆగిపోతుంది. తిన్నది కడుపులోనే ఉండిపోతుంది.

పద్ధతి ఏంటంటే, నీటి ఉష్ణోగ్రత 60 ఫారెన్‌హీట్ కిందికి దిగినప్పటి నుంచి మాంసకృత్తులు తక్కువ ఉన్న మేతకి మారండి. ఇక్కడ షాపుల్లో గోధుమ మొలక మేత అని దొరుకుతుంది, అది తేలిగ్గా అరుగుతుంది. అది కూడా రెండ్రోజులకోసారి, ఐదు నిమిషాల్లో తినేసేంత. 50 కిందికి వచ్చి అక్కడే నిలిస్తే పూర్తిగా ఆపేయండి. గాలి ఉష్ణోగ్రత చూసి లెక్క వేయకండి, నీళ్ళలో వేలాడే థర్మామీటర్ పది డాలర్లు ఉంటుంది, అది కొనండి.

నోవై_పెరడు | సెప్టెంబర్ 22

ఎంత వివరంగా చెప్పారండీ, చాలా థాంక్స్. చెట్లు: పాండ్‌కి దగ్గర్లోనే రెండు మేపుల్స్, కంచె అవతల పక్కింటివాళ్ళ పెద్ద ఓక్. కలువలు ఒకటి తెలుపు, ఒకటి గులాబీ, నీళ్ళ మీదే ఉంటాయి. థర్మామీటర్ ఈరోజే ఆర్డర్ చేశాను.

ఇంకో ప్రశ్న. వాటర్‌ఫాల్ చలికాలంలో నడపొచ్చా? నీళ్ళు పారుతుంటే గడ్డకట్టదు కదా అని నా ఆలోచన. పైగా ఆ చప్పుడు అమ్మకి చాలా ఇష్టం, ఫిబ్రవరి దాకా ఉంటారు.

మిన్నియాపోలిస్_మంచు | సెప్టెంబర్ 22

మేపుల్, ఓక్ రెండూ ఉన్నాయంటే ఈ వారమే వల కప్పండి, ఆకులు రాలడం మొదలయ్యాక కాదు. మేపుల్ ఒక్కసారిగా రాలుస్తుంది, ఓక్ నవంబర్ చివరిదాకా కొద్దికొద్దిగా రాలుస్తూనే ఉంటుంది, అందుకని వల తీయడానికి తొందరపడొద్దు. వల నీళ్ళ మీద వాలకూడదు. మధ్యలో పీవీసీ పైపులు విల్లులా వంచి గుడారంలా కట్టండి, ఆకులు పక్కలకి జారిపోతాయి. వల సాగిపోయి నీళ్ళలో మునిగితే ఆకులు దాంట్లోనే నాని టీ డికాక్షన్ దిగినట్టు రంగంతా పాండ్‌లోకి దిగుతుంది.

వలతో ఇంకో లాభం కొంగలు. కలువాకులు పోయాక చేపలకి దాక్కునే చోటుండదు, నీళ్ళు కూడా చలికి తేటగా అయిపోతాయి, చేపలు బద్ధకంగా ఉంటాయి. గ్రేట్ బ్లూ హెరాన్ అనే పెద్ద బూడిదరంగు కొంగ వలస పోయే ముందు ఇలాంటి పాండ్స్ కోసమే తిరుగుతుంటుంది. రాత్రుళ్ళు చేపల కోసం వచ్చే రాకూన్ అనే జంతువులు సరేసరి.

బురద సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. నీళ్ళింకా అరవైల్లో ఉండగానే పాండ్ వ్యాక్యూమ్ అద్దెకి తెచ్చి అడుగు బురద తీసేయండి. నీళ్ళు చల్లబడ్డాక కెలికితే చేపలకి తట్టుకునే శక్తి ఉండదు. అద్దంలా తోమక్కర్లేదు, ఆకుల ముద్ద పోతే చాలు. నాలుగో వంతు దాకా నీళ్ళు మార్చుకోవచ్చు, కుళాయి నీళ్ళకి క్లోరిన్ విరిచే మందు తప్పనిసరి. కొన్ని ఊళ్ళలో క్లోరిన్ బదులు క్లోరమైన్ వాడతారు, అది ఒకరోజు నిలవ ఉంచితే పోయేది కాదు.

వాటర్‌ఫాల్ మాత్రం నవంబర్‌లో ఆపేయండి.

టొరంటో_తోట | సెప్టెంబర్ 23

వాటర్‌ఫాల్ విషయంలో నేను పూర్తిగా ఒప్పుకోను. మా మిసిసాగా ఇంట్లో చలికాలం అంతా నడుస్తుంది. రాళ్ళ మీద మంచు పేరుకుని దాని కింద నీళ్ళు పారుతుంటే ఎంత అందంగా ఉంటుందో చెప్పలేను. నీళ్ళు పడేచోట గడ్డ కట్టదు కాబట్టి కన్నం కూడా దానంతట అదే ఉంటుంది. చేపలకి ఏ ఇబ్బందీ రాలేదు.

కాకపోతే మా పాండ్ ఐదడుగుల లోతు, పంపు పెద్దది, పైపులన్నీ భూమిలో దింపారు. ఇంట్లో ఎవరో ఒకరు రోజూ చూస్తూంటాం.

మిన్నియాపోలిస్_మంచు | సెప్టెంబర్ 23

మీరు చివర్లో చెప్పిన రెండు వాక్యాలే అసలు విషయమండీ. ఐదడుగుల పాండ్, పెద్ద పంపు, రోజూ చూసే మనిషి ఉంటే నడపొచ్చు. మూడున్నర అడుగుల చిన్న పాండ్‌లో వాటర్‌ఫాల్ నడిపితే రెండు ప్రమాదాలు. మొదటిది, ఆ నీళ్ళు మైనస్ పదిహేను గాలిలో పల్చగా పరుచుకుని పారి, బాగా చల్లబడి మళ్ళీ పాండ్‌లోకి వస్తాయి. అడుగున ఉన్న 4 డిగ్రీల పొర కలిసిపోయి పాండ్ మొత్తం సున్నా దగ్గరికి వచ్చేస్తుంది. చేపలకి వెచ్చగా ఉండే చోటే లేకుండా పోతుంది.

రెండోది ఇంకా ఘోరం. రాళ్ళ మధ్య మంచు అడ్డుకట్టలా పేరుకుంటే నీళ్ళు దారి మళ్ళి లైనర్ అంచు దాటి బయటికి పారతాయి. పంపు మాత్రం తోడుతూనే ఉంటుంది. రాత్రి పడుకుని లేచేసరికి పాండ్‌లో ఒక్క అడుగు లోతు నీళ్ళే మిగులుతాయి. మా వీధిలోనే ఒకరింట్లో ఇలా జరిగింది, అన్ని చేపలూ పోయాయి.

టొరంటో_తోట | సెప్టెంబర్ 24

అడ్డుకట్ట సంగతి నిజమే, నేను కాదనను. అందుకే రోజూ చూడాలన్నాను. నోవై గారి లోతుకి ఆపేయడమే మేలు, సరే. చప్పుడు కావాలంటే డిసెంబర్ మొదటివారం దాకా నడుపుకోండి, రాత్రుళ్ళు మైనస్ ఐదు దాటడం మొదలయ్యాక ఆపండి.

ఆపాక పైపుల్లో నీళ్ళు పూర్తిగా దింపేయాలి, నీరు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి ప్లాస్టిక్ ఫిట్టింగులు నిలవవు. యూవీ లైట్ లోపల గాజు గొట్టం ఉంటుంది, అది ముందు పగులుతుంది, కాబట్టి యూనిట్ మొత్తం విప్పి ఇంట్లోకి తెచ్చుకోండి. పంపు కడిగి బేస్‌మెంట్‌లో ఒక బకెట్ నీళ్ళలో ముంచి ఉంచండి, పొడిగా వదిలేస్తే సీళ్ళు ఎండి బిగుసుకుపోతాయి. బయట కుళాయికి లోపలి వాల్వ్ కట్టేసి హోస్ తీసేయడం ఎలాగూ మీకు తెలిసిందే.

సిన్సినాటి_మిరప | సెప్టెంబర్ 24

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. రాళ్ళ ఉప్పు వేస్తే నీళ్ళు గడ్డకట్టవు కదా, డ్రైవ్‌వేలో చల్లినట్టు పాండ్‌లో కొంచెం వేస్తే హీటర్లూ అవీ కొనకుండా సరిపోదా?

కైకలూరు_చేపలు | సెప్టెంబర్ 24

వద్దన్నా, దయచేసి ఆ పని ఎవ్వరూ చేయకండి. సముద్రపు నీరే మైనస్ 2 దగ్గర గడ్డకడుతుంది. ఈ పాండ్ ఓ 1500 గ్యాలన్లు ఉంటుంది అనుకుంటే దాన్ని సముద్రమంత ఉప్పగా చేయడానికే 200 కిలోల ఉప్పు పడుతుంది. అప్పటికి మైనస్ 2 మాత్రమే, మీ చలి మైనస్ 15. బంగారుతీగ మంచినీటి చేప, గడ్డకట్టే సంగతి తర్వాత, ముందు ఆ ఉప్పుకే పోతుంది. తామర కూడా పోతుంది.

డ్రైవ్‌వేలో చల్లే మందు కూడా కరిగి పాండ్ వైపు పారకుండా చూసుకోండి. వాలు అటే ఉంటే ఆ పక్క ఇసుక చల్లుకోండి.

డల్లాస్_పెరడు | సెప్టెంబర్ 25

మాది వెచ్చని ఊరు కదా, ఈ చర్చ మనకెందుకులే అనుకునేవాళ్ళు డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో చాలామంది ఉన్నారు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌కి వచ్చిన చలి గుర్తుందా? రోజుల తరబడి సున్నా కిందే, పైగా కరెంటు లేదు. మా చుట్టుపక్కల రెండడుగుల లోతు పాండ్లు, సిమెంట్ తొట్లు చాలా పోయాయి. ఇంట్లో మనుషులకే హీటింగ్ లేదు, చేపల హీటర్ సంగతి ఎవరు చూస్తారు.

అందుకని కరెంటు పోయినా ఒకటి రెండు రోజులు గడిచేలా ఏర్పాటు ఉండాలని నా మాట. బ్యాటరీతో నడిచే చిన్న ఏరేటర్ (నీళ్ళలోకి గాలి బుడగలు పంపే మిషన్) నలభై డాలర్లలోపే దొరుకుతుంది. మీ మిషిగన్‌లో కూడా 2023 ఫిబ్రవరిలో ఐస్ స్టార్మ్‌కి లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది కదా.

నోవై_పెరడు | సెప్టెంబర్ 25

అవునండీ, అప్పుడు మేం ఫార్మింగ్టన్ హిల్స్ అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం, బాగా గుర్తుంది. బ్యాటరీ ఏరేటర్ లిస్టులో రాసుకున్నా.

ఇంతకీ కన్నం తెరిచి ఉంచడానికి హీటర్ మంచిదా, ఏరేటరా? ఆన్‌లైన్‌లో 1500 వాట్ల హీటర్ కనిపిస్తోంది, 100 వాట్లది కూడా ఉంది, ఇంత తేడా ఏంటో అర్థం కావట్లేదు.

మిన్నియాపోలిస్_మంచు | సెప్టెంబర్ 26

ఈ హీటర్లు నీళ్ళని వేడి చేయడానికి కాదు, అది ముందు మనసులో పెట్టుకోండి. గడ్డలో ఒక పళ్ళెం అంత కన్నం ఉంచడమే దీని పని. 1500 వాట్లవి ఎక్కువగా పశువుల నీళ్ళ తొట్ల కోసం చేసినవి. అది రోజంతా వెలిగితే 36 యూనిట్లు, యూనిట్ 20 సెంట్లు వేసుకున్నా రోజుకి ఏడు డాలర్ల పైనే. మీకు 300 వాట్ల లోపు తేలే రకం చాలు, అది రోజంతా వెలిగినా ఏడు యూనిట్లే. పైగా థర్మోస్టాట్ ఉన్నది తీసుకుంటే నీళ్ళు గడ్డకట్టేదాకా వస్తేనే వెలుగుతుంది. లేనిది కొంటే, గాలి 35 ఫారెన్‌హీట్‌కి దిగితే ఆన్ అయి 45 దాటితే ఆఫ్ అయ్యే ప్లగ్ విడిగా దొరుకుతుంది, దానికి తగిలించండి.

ఏరేటర్ ముప్పై నలభై వాట్లు, అంటే రోజుకి ఒక యూనిట్ లోపే. బుడగలు పైకి వస్తూ గడ్డని కట్టనివ్వవు, గ్యాస్ బయటికి పోతుంది, ఆక్సిజన్ లోపలికి వస్తుంది. నిజానికి చేపలకి ఎక్కువ ఉపయోగం దీంతోనే. కానీ ఎయిర్ స్టోన్‌ని, అంటే ట్యూబ్ చివర బుడగలు వదిలే రాయిని, చలికాలంలో అడుగున పెట్టకూడదు. ఒడ్డున మెట్టులా ఉంటుంది చూడండి, అక్కడ ఒక్క అడుగు లోతులో పెట్టండి. అడుగున పెడితే వాటర్‌ఫాల్ చేసిన నష్టమే ఇదీ చేస్తుంది, వెచ్చని నీటిని పైకి లాగేస్తుంది.

మైనస్ 20 వచ్చినప్పుడు ఏరేటర్ ఒక్కటే ఉంటే బుడగల చుట్టూ మంచు గోపురంలా కట్టి పైన మూసుకుపోతుంది. అందుకే మా ఇంట్లో రెండూ ఉంటాయి, పక్కపక్కనే. మీక్కూడా అదే చెప్తాను. ఏరేటర్ మిషన్ నీటి మట్టానికి పైన, వాన, మంచు పడని చోట పెట్టండి, కరెంటు పోయినప్పుడు నీళ్ళు ట్యూబులోంచి వెనక్కి మిషన్‌లోకి రాకుండా ఉంటుంది. ట్యూబ్ ఎక్కడా కిందికి వేలాడకుండా చూడండి, ఆ వంపులో చెమ్మ చేరి గడ్డకట్టి గాలి ఆగిపోతుంది.

ఎడిసన్_కలువ | సెప్టెంబర్ 26

మావారు కలపమన్న మాట: బయట ప్లగ్ తప్పకుండా జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఏర్పాటు) ఉన్నదే అవ్వాలి, మామూలు ఎక్స్‌టెన్షన్ తీగలు మంచులో పడేయొద్దు. నా మాట ఇంకోటి. ఇంట్లో చిన్నపిల్లలుంటే చలికాలమే ఎక్కువ ప్రమాదం. మంచు కప్పేశాక పాండ్ ఎక్కడుందో కూడా కనపడదు, హీటర్ దగ్గర గడ్డ చాలా పల్చగా ఉంటుంది. చుట్టూ తాత్కాలికంగా అయినా కంచె కట్టండి. చేపల కన్నా ముందు ఇది చూసుకోండి.

నోవై_పెరడు | సెప్టెంబర్ 27

మా బాబుకి నాలుగేళ్ళు. కంచె పని ఈ శనివారమే పెట్టుకుంటాను అక్కా, ఇది నాకు తట్టనే లేదు.

హైదరాబాద్_మిద్దె | అక్టోబర్ 3

మా మిద్దె మీద టబ్బులో తామర ఉంది, డిసెంబర్ వస్తే ఆకులు ఎండిపోయి ఏమీ మిగలదు. చచ్చిపోయిందని మా ఇంట్లో పారేయమంటారు. మనకి గడ్డకట్టేంత చలి లేదు కదా, మరి ఎందుకిలా?

ఎడిసన్_కలువ | అక్టోబర్ 3

పారేయకండి! అది నిద్రపోతోంది. పగటి వెలుతురు తగ్గుతూ రాత్రుళ్ళు చల్లబడితే తామర ఆకులు వదిలేసి సత్తువంతా దుంపలో దాచుకుంటుంది, దానికి గడ్డకట్టేంత చలి అక్కర్లేదు. ఎరువు ఆపేయండి, నీళ్ళు మాత్రం ఎండనివ్వకండి, ఫిబ్రవరిలో మళ్ళీ చిగురిస్తుంది. దుంపలు విడదీసి మట్టి మార్చాలంటే చిగురు కదిలే ముందే అదను.

నోవై_పెరడు | నవంబర్ 9

అప్‌డేట్. వల పైపుల మీద గుడారంలా నిలబడింది, మేపుల్ మొత్తం రాల్చేసింది, ఓక్ ఇంకా సగం ఉంది. గుర్రపుడెక్క తీశాం, పది చెత్త సంచులు నిండాయి. బురద తీశాం, కంచె కట్టాం. తామర, కలువలు అడుక్కి దించాం.

నీళ్ళు నిన్నటి నుంచి 48 ఫారెన్‌హీట్. మేత ఆపేశాను. కానీ అమ్మ ఒప్పుకోవట్లేదు. మధ్యాహ్నం ఎండకి చేపలు పైకి వచ్చి ఆవిడ వైపు చూసి నోరు తెరుస్తున్నాయి, అంతమందికి ఆకలేస్తుంటే మనం తిని కూర్చుంటామా అంటోంది. ఏం చెప్పమంటారు?

కైకలూరు_చేపలు | నవంబర్ 9

అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. వేసవంతా ఆవిడ పెట్టిన మేత ఆ చేపల ఒంట్లో కొవ్వుగా నిలవ ఉంది, మార్చి దాకా అవి తినేది అదే. ఇప్పుడు జాలిపడి గుప్పెడు వేస్తే మధ్యాహ్నం వెచ్చదనానికి తినేస్తాయి, రాత్రి చల్లబడ్డాక అరగదు. ఆవిడ పెట్టిన తిండే వాటికి జబ్బు అవుతుంది. ఆవిడ అలవాటుగా గట్టుకి వస్తారు కాబట్టి మనిషిని చూసి పైకి వస్తున్నాయి, అది ఆకలి కాదు. కావాలంటే అమ్మగారితో నేను ఫోన్లో మాట్లాడతాను, మా నాన్న చెరువు లెక్కలు చెప్తే నమ్ముతారు.

నోవై_పెరడు | నవంబర్ 10

చదివి వినిపించాను. "కొల్లేరు పిల్లాడు చెప్పాడంటే సరే" అంది. మేత డబ్బా తనే తీసి గరాజ్‌లో పై అరలో పెట్టేసింది.

నోవై_పెరడు | జనవరి 17

అర్జెంట్. రాత్రి మైనస్ 21. పొద్దున చూస్తే హీటర్ ప్లగ్ ట్రిప్ అయి ఉంది, ఏరేటర్ బుడగల మీద మంచు మూసుకుపోయింది. కన్నం లేదు. గడ్డ ఐదారు అంగుళాలు ఉంటుంది. పక్కింటాయన గొడ్డలి తెచ్చాడు, పగలగొడదామా?

మిన్నియాపోలిస్_మంచు | జనవరి 17

వద్దు! గొడ్డలి దెబ్బ అదురు నీళ్ళలోంచి నేరుగా చేపలకి తగులుతుంది, లైనర్ చిరిగే ప్రమాదం కూడా ఉంది. కంగారు పడకండి, ఒక రాత్రి మూసుకుంటే ఏమీ కాదు. మీరు బురద తీశారు కాబట్టి లోపల గ్యాస్ కూడా పెద్దగా ఉండదు. ఈ చలిలో చేపలకి కావాల్సిన ఆక్సిజన్ చాలా తక్కువ.

పెద్ద స్టీల్ గిన్నెలో మరిగే నీళ్ళు పోసి గడ్డ మీద పెట్టండి, చల్లారితే మళ్ళీ పోయండి, గిన్నె నెమ్మదిగా కిందికి దిగుతుంది. చెవులకి తాడు కట్టండి, దాటిపోతే లాగడానికి. ఒడ్డు మీంచే చేయండి, గడ్డ మీద అడుగు పెట్టొద్దు. వేడినీళ్ళు పాండ్‌లోకి పోయొద్దు. ప్లగ్ ఎందుకు ట్రిప్ అయిందో చూడండి, జాయింట్‌లో మంచు దూరి ఉంటుంది, తుడిచి ఆరబెట్టి దానికి వాటర్‌ప్రూఫ్ డబ్బా తొడగండి. హీటర్ తీగే నలిగి ఉంటే మాత్రం మళ్ళీ పెట్టకుండా కొత్తది కొనండి.

టొరంటో_తోట | జనవరి 17

గడ్డ మీద మంచు దట్టంగా పడి ఉంటే ఒక పక్క సగం వరకు చీపురుతో నెట్టేయండి. వెలుతురు లోపలికి పోతే నాచు పగలు కొంత ఆక్సిజన్ చేస్తుంది. మిగతా సగం మంచు వదిలేయండి, అది దుప్పటిలా పని చేస్తుంది.

నోవై_పెరడు | జనవరి 17, రాత్రి

పులిహోర కలిపే పెద్ద గిన్నె వాడాం. రెండు గంటలు పట్టింది, అమ్మ నీళ్ళు కాస్తూనే ఉంది. కన్నం తెరుచుకున్నాక కొంచెం కుళ్ళు వాసన వచ్చింది, కాసేపటికి పోయింది. టార్చ్ వేసి చూస్తే కోయిలు ఏడూ అడుగున ఒకే చోట గుంపుగా ఉన్నాయి, మొప్పలు కదులుతున్నాయి. ప్లగ్ డబ్బా మార్చేశాను. ఒక కప్ప కూడా అడుగున బురదలో కదలకుండా ఉంది, బతికే ఉందా?

మిన్నియాపోలిస్_మంచు | జనవరి 18

బతికే ఉంటుంది. ఇక్కడి పచ్చ కప్పలు, బుల్‌ఫ్రాగులు నీళ్ళ అడుగునే చలికాలం గడుపుతాయి, చర్మంతోనే ఊపిరి పీల్చుకుంటాయి. కాబట్టి మీ ఏరేటర్ దానికీ అవసరమే. దాన్ని ముట్టుకోకండి.

నోవై_పెరడు | మార్చి 24

గడ్డ మొత్తం కరిగింది. కోయిలు ఏడూ ఉన్నాయి, గోల్డ్ ఫిష్‌లో ఒకటి పోయింది. పగలు 55 ఫారెన్‌హీట్ దాకా వస్తోంది, రాత్రికి మళ్ళీ 45. అమ్మ ఫోన్లో రోజూ అడుగుతోంది, మేత మొదలుపెట్టావా అని.

కైకలూరు_చేపలు | మార్చి 24

ఇంకో రెండు మూడు వారాలు ఆగండి అన్నా. రాత్రి కూడా 50 దాటి నిలబడాలి. ఇప్పుడే అసలు జాగ్రత్త కావాలి. చలికాలం అంతా తినక చేప నీరసంగా ఉంటుంది, దాని రోగనిరోధక శక్తి ఇంకా మేలుకోలేదు, రోగం తెచ్చే బ్యాక్టీరియా మాత్రం నీళ్ళు కాస్త వెచ్చబడగానే మేలుకుంటుంది. ఒంటి మీద ఎర్రటి పుండ్లు, రెక్కల దగ్గర చిరుగులు ఉన్నాయేమో రోజూ చూడండి. మొదలుపెట్టినప్పుడు మళ్ళీ ఆ గోధుమ మొలక మేతే, చిటికెడు.

టొరంటో_తోట | మార్చి 25

పంపు, ఫిల్టర్ మాత్రం ఇప్పుడే పెట్టేయొచ్చు. ఫిల్టర్‌లో మంచి బ్యాక్టీరియా మళ్ళీ పట్టడానికి వారాలు పడుతుంది, ఈలోపు మేత ఎక్కువేస్తే చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా పెరిగిపోతుంది. అమ్మోనియా, నైట్రైట్ టెస్ట్ కిట్ కొని వారానికి రెండుసార్లు చూడండి. సున్నా కన్నా ఎక్కువ కనిపిస్తే మేత ఆపి ఐదో వంతు నీళ్ళు మార్చండి, క్లోరిన్ మందు మర్చిపోకుండా. కలువ కుండలు ఏప్రిల్ చివర్లో మెల్లగా పై మెట్టుకి తీసుకురండి, తామర టబ్బు ఫ్రాస్ట్ భయం పూర్తిగా పోయాక మే మధ్యలో.